ఫ్యాన్ కింద చాట

ఆర్మూర్ ఊరి చివర మా ప్రాథమిక పాఠశాల. నాలుగో తరగతి, ఐదో తరగతి రెండూ నావే, ఒకే గదిలో. తెలుగు చెప్పేది నేనే, లెక్కలు చెప్పేది నేనే, ఓటర్ల లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది నేనే, పిల్లలకు నులిపురుగుల మాత్ర మింగించేదీ నేనే. అలాంటి నా నెత్తిన మొన్న డిసెంబరులో ఇంకో మూట పెట్టారు. ఇకనుంచి పిల్లలకు ఇంజనీరింగ్ కూడా నేర్పాలట.

శిక్షణకు పిలిచిన సంస్థ పేరు నేను చెప్పను. దానికి మా వైపు బాధ్యుడు నరహరి గారు. కాలేజీ లెక్చరర్‌గా రిటైరైన మనిషి. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుంటారు. ఆయన టీచర్లందరికీ తలా ఒక అట్టపెట్టె పంచారు. లోపల ప్లాస్టిక్ ముక్కలు, ఒక బొమ్మల కాగితం. బొమ్మలో చూపినట్టు ముక్కలు అతికిస్తే వంతెన అవుతుంది. మార్చిలో మేళా పెడతారు, ప్రతి బడీ తన వంతెన తెచ్చి చూపాలి.

కోపం వస్తే కూర్చుని ఉండడం నాకు చేతకాదు. లేచాను.

"సార్, అన్ని బళ్ళు ఒక్క తీరు వంతెన తెస్తే అండ్ల పిల్లల తెలివేమున్నది? బొమ్మ జూసి అతికిచ్చుడే గద?"

"ఎస్తేరు మేడం, మీరు ముందుగాల పెట్టె తెరువుండ్రి. పంచాయితీ తర్వాత పెట్టుకుందురు" అన్నారు నరహరి గారు.

హాలంతా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. మూలన ప్రొజెక్టర్ దగ్గర నిలబడ్డ ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు.

ఆ అమ్మాయే జ్యోత్స్న. ఆలూరు పిల్ల. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, బళ్ళ చుట్టూ తిరిగి మాలాంటి టీచర్లకు సాయం చేసే కాంట్రాక్టు ఉద్యోగంలో ఆ సంస్థలోనే చేరింది. తర్వాతి వారం స్కూటీ మీద మా బడికి వచ్చింది. వస్తూనే పెట్టె వైపు చూసింది. నేను అప్పటికే దాని మీద మంచినీళ్ళ బిందె పెట్టి ఉంచాను.

"మంచి పని చేసిండ్రు టీచర్" అంది.

"మీ సారు నిన్ను నౌకరి నుంచి తీసేస్తడు బిడ్డా."

"కిట్ వాడుమన్నరు. ఎట్ల వాడాల్నో చెప్పలేదు గద" అంది నవ్వుతూ. అప్పుడు నాకు ఆ పిల్ల నచ్చింది.

నాకు ఇంజనీరింగ్ రాదని ముందే చెప్పేశాను. ఇంటర్ తర్వాత టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని, మిషన్ల సంగతి నాకేం తెలుసు? జ్యోత్స్న అదేం పట్టించుకోలేదు. పిల్లలను ఒకటే మాట అడగమంది. మీ ఇంట్ల ఏది సక్కగ లేదు, మనం చేతులతోని ఏం జేస్తే బాగైతది. అంతే. వాళ్ళు చెప్పినదాంట్లో ఒకటి పట్టుకుని గీయాలి, చేయాలి, పరీక్షించాలి, చెడిపోతే మళ్ళీ చేయాలి. "జవాబు మాత్రం మీరు చెప్పొద్దు టీచర్" అని గట్టిగా చెప్పింది. టీచరుకు అంతకంటే పెద్ద శిక్ష లేదు.

అడిగాను. గది గోలగోల అయింది. బబ్లు వాళ్ళింట్లో తలుపు గొళ్ళెం పడదు. ఇంకొకడి సైకిల్‌కు స్టాండు లేదు. ఒక పిల్ల తన తమ్ముడే సక్కగా లేడు అంది. అందరూ అరుస్తుంటే కిటికీ పక్కన అక్షిత ఒక్కతే నోరు విప్పలేదు. దగ్గరికి వెళ్ళి అడిగాను.

"మా అమ్మ ఫ్యాన్ ఏసుకోదు టీచర్" అంది నెమ్మదిగా.

"ఎందుకు?"

"బీడీలు చేస్తది గద. ఫ్యాన్ ఏస్తే తంబాకు లేసి మొకం మీదికొస్తది. ఆకు ఎండుతది. ఎండకాలం గూడ ఏసుకోదు."

అరుస్తున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఆ గదిలో సగానికి పైగా పిల్లల అమ్మలు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేసేవాళ్ళే. ఫ్యాన్ ఆపుకుని ఉడికిపోయేవాళ్ళే. అందరికీ తెలిసిన సంగతి, ఎవరూ బడిలో అనని సంగతి. అన్నందుకు అక్షిత తల దించుకుంది, తప్పు చేసినట్టు.

ఆ తల దించుకోవడం నాకు బాగా తెలుసు. మా అమ్మ కూడా బీడీలు చేసి నన్ను చదివించింది. నేను మూడో తరగతిలో ఉండగా మా సారు నా నోట్‌బుక్కు వాసన చూసి, తంబాకు కంపని అందరిలో అని, వెనక బెంచీలో కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి మా ఇంటి సంగతి ఒక్క ముక్క కూడా నేను బడిలో ఎత్తలేదు. ఈ పిల్లకు అలా కాకూడదు, నేనుండగా కాకూడదు అనుకున్నాను.

"మనం చేసేది గిదే" అన్నాను బల్ల మీద చరుస్తూ. "అక్షిత వాళ్ళమ్మ ఫ్యాన్ ఏసుకోవాలె. తంబాకు లేవొద్దు. ఎట్లనో గీయుండ్రి."

ఇక్కడే నేను మొదటి దెబ్బ తిన్నాను. ఊరికే ఉండలేక, ఉదాహరణకని బోర్డు మీద ఒక చాట గీసి, చుట్టూ గోడలాగా ఒక గీత గీశాను. మధ్యలో చాక్‌పీస్ విరిగి గీత కిందికి జారింది. తరగతి తరగతంతా అదే బొమ్మ దించేసింది, ఆ జారిన గీతతో సహా. చివరికి బబ్లు స్కేలు పెట్టి మరీ ఆ గీతను అంతే వంకరగా గీశాడు. ఏళ్ళ తరబడి బోర్డు మీదిది చూసి రాయమని వాళ్ళకు నేర్పింది మేమే. వాళ్ళు చెప్పినట్టే చేశారు.

జ్యోత్స్న ఆ కాగితాలన్నీ చూసి, నవ్వు ఆపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"టీచర్, ఇగ మీ చాక్‌పీస్ నాకియ్యుండ్రి."

ఇచ్చేశాను. ఆ తర్వాత పిల్లలు పని చేస్తున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను. వాళ్ళు కత్తెర తప్పుగా పట్టుకుంటుంటే, టేపు ఉత్తపుణ్యానికి తగలేస్తుంటే, నా వేళ్ళు ఎంత గుంజాయో ఆ దేవుడికే తెలుసు.

బడిలోకి చిటికెడు తంబాకు కూడా రాకూడదన్నది నా కట్టడి. మరి పరీక్ష ఎలా? అది పిల్లలే తేల్చారు. సీజను కదా, ఊరంతా పసుపే, వాళ్ళ అరికాళ్ళకు కూడా పసుపే. చాటలో పసుపుపొడి పోసి, అమ్మ కూర్చునే చోట వెనకాల తెల్ల బట్ట కట్టి, ఎదురుగా ఫ్యాన్ వేయాలి. లేచింది లేచినట్టు బట్ట మీద కనపడుతుంది. మొదట గోడ లేకుండా ఒకసారి, తర్వాత గోడ పెట్టి ఒకసారి. రెండూ చూపిస్తేనే పరీక్ష అని జ్యోత్స్న వాళ్ళకు నూరిపోసింది. వంటమనిషి ముత్తెమ్మ మాత్రం, కూరల్లో వేసే పసుపు ఇట్లా గాలికి పోస్తారా అని నన్ను తిట్టని రోజు లేదు.

మొదటి గోడ నరహరి గారి అట్టపెట్టెతోనే చేశారు. అట్టను చీల్చి చాట చుట్టూ నిలబెట్టి, మూలలకు ఆ వంతెన ముక్కలనే బిగించారు. ఫ్యాన్ వేస్తే బట్ట తెల్లగానే ఉంది. పిల్లల సంబరం ఇంతా అంతా కాదు. అక్షిత ఆ చాటను నెత్తిన పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ గంగమణి చాట పట్టుకుని బడికి వచ్చింది. మొగుడు మస్కట్‌లో ఉంటాడు. ఇల్లు, పిల్లలు, బీడీలు అన్నీ ఆమెవే. మాట్లాడే ముందు దగ్గుతుంది, మాట్లాడినాక దగ్గుతుంది.

"టీచర్, మీరేమనుకోవద్దు. ఈ చాటల చెయ్యి వెడితే బాయిల చెయ్యి వెట్టినట్టే ఉన్నది. చీకటి. ఆకు కనవడది, తంబాకు కనవడది. మోచెయ్యి గోడకు కొట్టుకుంటున్నది. నేను బీడీలు జెయ్యాల్నా, గీ గోడతోని కొట్లాడాల్నా?"

పిల్లల ముఖాలు వాడిపోయాయి. నాకైతే ఆమె మీద కూడా కోపం వచ్చింది, పిల్లల ముందు కాస్త మెల్లగా చెప్పవచ్చు కదా అని. జ్యోత్స్న మాత్రం కళ్ళు మెరిపిస్తూ గంగమణిని కుర్చీలో కూర్చోబెట్టింది. "అక్కా, ఇంకేమేం బాగలేదో అన్ని చెప్పు, ఏదీ దాచకు" అంది. గంగమణి దాచలేదు. పిల్లలు రాసుకున్నారు. ముందు వైపు గోడ ఉండొద్దు, అటు నుంచి చేతులు ఆడాలి. మిగతా మూడు వైపుల గోడ ఉండాలి, కానీ వెలుతురు రావాలి. బరువుండొద్దు. తడిస్తే మెత్తబడొద్దు.

"వంగకుండ నిలవడేది, వెలుతురు లోపలికి రానిచ్చేది మీ ఇండ్లల్ల ఏమున్నదో దేవులాడి తెండ్రి" అని చెప్పి పంపాను.

మర్నాడు తెచ్చారు. ఒకరు చీరల అంగడి కవరు, ఒకరు కూల్‌డ్రింక్ సీసా. అవి మెత్తగా ఉండి కూలబడ్డాయి. ఆ తర్వాత అక్షిత, ఆమె వెనకే ఇంకొందరు, సంచుల్లోంచి నీలంగా మెరిసే పెద్ద రేకులు తీశారు. ఎక్స్‌రే ఫిల్ములు.

ఒకటి తీసుకుని కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. రొమ్ము ఎముకలు. మూలన చిన్న అక్షరాలతో గంగమణి పేరు. ఇంకొకటి తీశాను, ఇంకొకరి అమ్మ. ఇంకొకటి, నానమ్మ.

"అది పాతది టీచర్. దవాఖానల మల్ల కొత్తది తీసిండ్రు. గిది తీస్కపో అన్నది అమ్మ" అంది అక్షిత. "మస్తు గట్టిగున్నది. వెలుతురు గూడ వస్తది."

పిల్లలు మామూలుగానే ఉన్నారు. వాళ్ళకు అది ఇంట్లో అటక మీద ఉండే వస్తువు. నేనే మామూలుగా లేను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. జ్యోత్స్న నా పక్కకు వచ్చి నిలబడింది. కాసేపటికి ఆమె పిల్లల దగ్గరికి వెళ్ళి, రేకు అంచులు కోసుకుపోకుండా టేపు అంటించడం ఎలాగో చూపించింది.

మూడు వైపులా ఎక్స్‌రేలు నిలిపి, చాట అంచుకు బీడీలు కట్టే దారంతోనే కుట్టారు. ఫ్యాన్ స్పీడు రెండు మీద పెట్టి చూస్తే బట్ట మీద మరక లేదు. మూడు మీద పెడితే మాత్రం అంచు మీదుగా సన్నగా పసుపు లేస్తుంది. అది ఇంకా కుదరలేదు. అయినా గంగమణి నాలుగు రోజులు వాడి, దారిలో కనపడి నా చేయి పట్టుకుంది.

"నిన్న పొద్దంత ఫ్యాన్ ఏసుకున్న టీచర్. పెండ్లయి వచ్చినకాన్నుంచి ఆ ఇంట్ల గట్ల కూసున్నది లేదు."

ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు ఏ శిక్షణలో ఇస్తారు?

మేళా ఆర్మూర్‌లోనే, ఒక ఫంక్షన్ హాల్లో. హాలు నిండా వంతెనలు. అన్నీ ఒకే రంగు, ఒకే పొడవు. వాటి మధ్య మా చాట. ఎదురుగా స్టాండు ఫ్యాన్, వెనకాల తెల్ల బట్ట, ముందు అక్షిత తన చేతులతో రాసిన అట్ట: "బీడీల చాట. దీంతో అమ్మ ఫ్యాన్ వేసుకోవచ్చు." గంగమణి ఉతికిన చీర కట్టుకుని మిగతా అమ్మలతో గోడవారన కూర్చుంది. ఆ పూట పని మానుకుని వచ్చింది, కూతురు నలుగురిలో మాట్లాడుతుందని.

ముఖ్య అతిథి రాకముందు నరహరి గారు వరుసలన్నీ చూసుకుంటూ మా దగ్గర ఆగారు.

"ఇదేంది మేడం? మీ వంతెనేది?"

"పెట్టె వాడినం సార్. అట్ట మొదటి గోడకు, ముక్కలు మూలలకు. మూలల ముక్కలు మస్తు పనికొచ్చినయి."

ఆయన అట్ట మీది అక్షరాలు చదివారు. ముఖం మారింది. "బీడీలా? పిల్లల మేళాల పొగాకా? రేపు పేపర్ల వస్తే ఎవలు జవాబు చెప్పాలె?"

"ఈ చాటల పొగాకు చిటికెడు లేదు సార్. అంత పసుపే. పరీక్ష గూడ పసుపుతోనే."

ఆయన గొంతు తగ్గించారు. "మంచిగ చేసిండ్రు, కాదంటలేను. ఒక పని జేద్దాం. అట్ట మార్చి పసుపు చాట అని రాయిండ్రి. మన ఆర్మూర్ పసుపు, అతిథి గూడ ఖుష్ అయితడు. ప్రైజ్ సంగతి నేను జూస్కుంట."

అక్షిత నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందులో బతిమాలడం లేదు, కోపం లేదు. టీచరు ఏమంటే అది నిజమని నమ్మే చూపు. నేను సరే అంటే, వాళ్ళమ్మ పని పేరు నలుగురిలో చెప్పుకోదగింది కాదని ఆ పిల్ల జన్మంతా నమ్ముతుంది. నేను నమ్మినట్టే.

"పేరు మారదు సార్" అన్నాను.

జ్యోత్స్న ముందుకొచ్చింది. "సార్, పిల్లలు వాళ్ళింటి కష్టం వాళ్ళే పట్టుకుని వాళ్ళే చేసిండ్రు. నన్ను నేర్పుమన్నది గిదే. తప్పయితే నన్ను తీసెయ్యుండ్రి."

"అది తర్వాత మాట్లాడుదాం" అన్నారు ఆయన చిరాగ్గా. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తెల్ల బట్ట ముందు నిలబడి చాట మీదికి వంగారు. అప్పుడు చూశారు ఆ రేకుల్లోని ఎముకలను. ఉలిక్కిపడ్డారు. "థూ, ఏందివి, బొక్కల ఫొటోలు! ముందుగాల గివి పీకేయుండ్రి. అతిథి వస్తుండు, చూస్తె ఏమనుకుంటడు?"

ఆయన నిలబడింది ఎక్కడో ఆయనకు తెలియదు. అది గంగమణి కూర్చునే చోటు. నాకు తెలుసు.

"అక్షితా, సార్ చెప్పిండు గద, తీసెయ్ బిడ్డా" అన్నాను. అక్షిత నా ముఖం చూసి, దారం ముడి విప్పి రేకులు పక్కన పెట్టింది. పిల్లలందరినీ ఫ్యాన్ వెనక్కి రమ్మన్నాను. జ్యోత్స్నకు అర్థమైంది, కానీ ఆపలేదు. ఆయనను జరగమని నేనూ అనలేదు. ఫ్యాన్ మూడు మీద పెట్టి స్విచ్ వేశాను. తెలిసే వేశాను. ఆ తర్వాత నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, దానికి కూడా ఇదే రాశాను.

చాట మొత్తం లేచింది. చొక్కా, మీసం, కళ్ళద్దాలు, జేబులో పెన్ను, అంతా పసుపు. నరహరి గారు చేతులు ఆడిస్తూ దగ్గడం మొదలుపెట్టారు. నేను స్విచ్ ఆపాను. హాలంతా మా వైపు తిరిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఏందిది! ఏంది మేడం ఇది!"

"పసుపు సార్" అన్నాను. "ఇంటికి వోయి తానం జేస్తే పోతది. గా గంగమణి మొకం మీదికి లేసేది పసుపు గాదు, తంబాకు. తానం జేస్తే పోదు. లోపటికే వోతది. మీరు సూడలేకపోయిన బొక్కలు ఆమెయే. గోడ పక్కన కూసున్నది, సూడుండ్రి."

ఆయన అటు చూశారు. గంగమణి లేచి నిలబడింది.

నేను ఇంకా ఏదో అనబోయాను. మనసులో చాలా ఉంది. కానీ అక్షిత నా కొంగు పట్టి లాగింది.

"టీచర్, పరీక్ష సగమే అయింది."

అని, ఎక్స్‌రేలు మళ్ళీ నిలబెట్టి దారం కట్టడం మొదలుపెట్టింది. బబ్లు పొట్లం విప్పి కొత్త పసుపు పోశాడు. జ్యోత్స్న మరక బట్ట తీసి తెల్లది కట్టింది. చాట సిద్ధమయ్యాక అక్షిత తల పైకెత్తి, హాలు చివరి దాకా వినపడేలా చెప్పింది.

"ఇది బీడీల చాట. మా అమ్మ బీడీలు చేస్తది. ఇప్పటిదాక సూసింది గోడ లేనప్పుడు. ఇప్పుడు గోడ ఉన్నప్పుడు. సార్, మీరు జర గక్కడనే నిలవడుండ్రి."

నరహరి గారు నిలబడలేదు. రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ రెండడుగులు పక్కకు జరిగారు. ఆ ఖాళీలోకి గంగమణి నడిచి వచ్చింది. రోజూ తను కూర్చునే చోట, ఆ ఉతికిన చీరతో, ఫ్యాన్‌కు ఎదురుగా నిలబడింది.

అక్షిత ఫ్యాన్ రెండు మీద పెట్టింది. గంగమణి ముంగురులు ఎగిరాయి. చీర కొంగు ఎగిరింది. చాటలో పసుపు చాటలోనే ఉంది. గంగమణి కళ్ళు మూసుకుని, ఆ గాలికి ముఖం పెట్టింది.

"మూడు మీద వెట్టు బిడ్డా" అంది.

"మూడుకు ఇంకా ఆగుతలేదమ్మా" అంది అక్షిత. "సోమవారం చేస్తం."